కొలువు నుంచి కాంట్రాక్టు దాకా: మన ఫుట్‌బాల్ జట్లు కట్టిన తీరు

2024 వేసవి నాటికి రెండు ఫుట్‌బాల్ జట్లు తమ తమ పట్టికల అడుగు భాగంలో పడి ఉన్నాయి. ఒకటి కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు. రెండోది మన హైదరాబాద్ ఎఫ్‌సీ. ఇండియన్ సూపర్ లీగ్‌లో 22 మ్యాచ్‌లాడి, ఒకే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో ఆఖరి స్థానంలో మిగిలింది. కొత్త సీజన్‌కు రెండూ జట్టును పునాదుల నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. 2025 ఏప్రిల్ 18న కల్యాణిలో ఒడిశా ఎఫ్‌సీ మీద ఆ టైటిల్‌ను ఖాయం చేసిన ఒకే ఒక్క గోల్ కొట్టింది మన నిజామాబాద్ బిడ్డ గుగులోత్ సౌమ్య. రెండో జట్టేమో ఆ ఏడాదే మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ చేరి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని బోర్డు మార్చుకుంది.

పడటంలో రెండూ ఒకటే, లేవడంలోనే తేడా. ఆ తేడా ఎక్కడొచ్చిందో చెప్పాలంటే ఒక్క ఏడాది కథ చాలదు, డెబ్బై అయిదేళ్లు వెనక్కి పోవాలి. ఫుట్‌బాల్ జట్టును ఎలా కట్టాలో దేశానికి నేర్పిన ఊరు హైదరాబాద్. ఆ విద్యను మరిచిపోయిన ఊరూ అదే. కోపంతో అంటున్నాననుకుంటే అనుకోండి, లెక్కలు చూశాక మీరే చెప్పండి.

1950 నాటి సంగతి. పోలీస్ యాక్షన్ జరిగి రెండేళ్లయింది. నిజాం రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చింది, జిల్లాల్లో ఇంకా అలజడి చల్లారలేదు. ఆ ఏడాది హైదరాబాద్ సిటీ పోలీస్ అనే జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. అదే సీజన్‌లో డ్యూరాండ్ కప్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా పెద్ద జట్లు ముందు దీన్ని అదృష్టమన్నాయి. తర్వాత 1951, 52, 53, 54లలో కూడా రోవర్స్ కప్ హైదరాబాద్‌కే వచ్చింది. వరుసగా అయిదేళ్లు! అదృష్టానికి అంత ఓపిక ఉండదు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్. సంతోష్ ట్రోఫీ 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాద్‌దే. రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ వచ్చాక జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిపి రోవర్స్, 1963లో మరోసారి రోవర్స్ గెలిచింది. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం సరిహద్దులు మారాయి, జట్టు పేరు మారింది, కప్పులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

దీని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, బడిపంతులుగా పనిచేశాడు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పిల్లలకు చదువు చెప్తూ, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఆ తర్వాత సిటీ పోలీస్ కోచ్, దానితోపాటు దేశం జట్టుకూ కోచ్. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో మళ్లీ బంగారం ఆయన చేతి మీదుగా వచ్చినవే. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించేనాటికి ఆయన ఒంట్లో కేన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయాడు. 2024లో వచ్చిన మైదాన్ సినిమా పుణ్యమా అని ఈ తరానికి ఆయన పేరు తెలిసింది. ఆయన పనితనం మాత్రం సినిమాలో పట్టేది కాదు.

పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆటగాడిని ముందు కొలిచి, లోపం ఎక్కడుందో చూసి, ఆ లోపానికే పరీక్ష పెట్టేవాడు. బంతిని కాలికి అంటించుకుని ముగ్గురిని తప్పించి నాలుగోవాడి దగ్గర పోగొట్టుకునే కుర్రాళ్లు అప్పుడూ ఉండేవాళ్లు. వాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంట్లు పెట్టాడు. బంతి వచ్చిందంటే పంపేయాల్సిందే. కుడికాలు తప్ప రెండోది వాడనివాళ్లకు ఎడమకాలితోనే ఆడే పోటీలు, పొట్టి కుర్రాళ్ల కోసం ఎత్తు పరిమితితో పోటీలు పెట్టాడు. వీటిని ఆడుతూ పెరిగిన పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు పోలీసు జట్టు ట్రయల్స్‌కు వచ్చేసరికి రహీమ్‌కు వాడిని కొత్తగా చూడాల్సిన పనే లేదు. పేటలో ఏ కుర్రాడు ఏ కాలితో కొడతాడో ఆయనకు ముందే తెలుసు. ఇవాళ క్లబ్బులు లక్షలు పోసి వీడియో విశ్లేషకులను పెట్టుకుని తెలుసుకునే సంగతి అది.

ఆ జట్టుకు ఆటగాడు దొరికే దారి పోలీసు కొలువు. కుర్రాడిని కానిస్టేబుల్‌గా తీసుకునేవాళ్లు. నెల జీతం, యూనిఫారం, ఇంట్లో చెప్పుకోవడానికి ఒక సర్కారీ ఉద్యోగం. శివకుమార్ లాల్ లాంటి పోలీసు అధికారులు వెనక నిలబడ్డారు. కాబట్టి ఏటా వేసవిలో ఎవడు ఉంటాడు, ఎవడు పోతాడు అన్న గొడవే ఆ జట్టుకు లేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయినుద్దీన్, ప్యాట్రిక్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఒకరి పక్కన ఒకరు ఆడారు. హాఫ్ బ్యాక్ తల ఎత్తకముందే ఫార్వర్డ్ పరుగు మొదలయ్యేది. పాతవాడి మోకాలు అరిగితే వాడి జాగాలోకి, వాడి పక్కనే రెండేళ్లు బెంచీ మీద కూర్చున్న కుర్రాడు వచ్చేవాడు. జట్టు మొత్తం ఒక్కసారిగా మారింది లేదు, మారకుండా ఉన్నదీ లేదు.

బోధన్ వైపు రైతుకు ఇది చెప్పక్కర్లేదు. చెరకు నరికాక మొదళ్లు ఉంచితే పిలకలేసి మళ్లీ పంటొస్తుంది. దాన్నే కార్శి తోట అంటారు. విత్తనం ఖర్చు లేదు, నాటే కూలీ లేదు. అయితే అది రెండు మూడు కోతల దాకే. ఆ తర్వాత దిగుబడి పడిపోతుంది, దున్ని కొత్తగా నాటక తప్పదు. ఏ మొదలు ఉంచాలో, ఏది పెరికేయాలో తెలిసినవాడే రైతు. రహీమ్‌కు అది తెలుసు.

కొలువు దారి వల్ల అందినవాళ్లతోపాటు, ఇంకొంచెం ఉంటే అందకుండా పోయేవాళ్లూ ఉన్నారు. తులసీదాస్ బలరామ్ కథ చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో పుట్టిన పేదింటి పిల్లవాడు. రహీమ్ అతని ఆట చూసి సంతోష్ ట్రోఫీ ట్రయల్స్‌కు రమ్మన్నాడు. ట్రయల్స్ నగరంలో, ఇల్లు కంటోన్మెంట్ అవతల. రోజూ వచ్చిపోవడానికి అద్దె సైకిల్‌కు కూడా డబ్బుల్లేవు, రాలేనన్నాడు. ఆ సైకిల్ అద్దె రహీమ్ ఇచ్చాడు. 1956లో బలరామ్ హైదరాబాద్‌కు సంతోష్ ట్రోఫీ ఆడాడు, అదే ఏడాది మెల్‌బోర్న్‌లో దేశానికి ఆడాడు. 1962లో జకార్తా బంగారు పతకం మెడలో వేసుకున్నాడు. ఆ అద్దె ఇవ్వకపోతే ఏమయ్యేదో ఊహించడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే అద్దె ఇచ్చేవాడు దొరకని బలరామ్‌లు ఎంతమందో మన జిల్లాల్లోనే ఉండి ఉంటారు.

ఆ బలరామే 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. అక్కడి నుంచి కథలో రెండో అంకం మొదలవుతుంది.

కలకత్తాది వేరే పద్ధతి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్: మూడు క్లబ్బులు, మూడింటికీ పిచ్చి అభిమానులు. ఏటా సీజన్ ముందు ఆటగాళ్లు సంతకాలు చేసే కాలం ఒకటి ఉండేది. మంచి ఆటగాడిని అవతలి క్లబ్బు ఎత్తుకుపోకుండా సంతకం దాకా ఎక్కడో దాచిపెట్టడం, అర్ధరాత్రి కార్లలో తిప్పడం లాంటివి అక్కడ మామూలు ముచ్చట్లు. డబ్బుతో జట్టు కట్టడం మన దేశంలో మొదలైంది అక్కడే. అయితే ఆ డబ్బుకు కన్ను కూడా ఉంది. 1949లో ఈస్ట్ బెంగాల్ ముందువరస అంతా దక్షిణాది నుంచి తెచ్చుకున్నదే: వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలె. పంచపాండవులని పేరు పెట్టుకున్నారు. 1953 దాకా వాళ్లు కలిసి ఆడినన్నాళ్లు కలకత్తాలో వాళ్లదే రాజ్యం.

ఆ దారిన హైదరాబాద్ నుంచి కలకత్తాకు ఏటా బండి కట్టడమే అయింది. బలరామ్ వెంట అహ్మద్ హుసేన్, లతీఫ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, అతని తమ్ముడు అక్బర్. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు నయీం కెప్టెన్. అమల్‌రాజ్ కోల్‌కతా మూడు పెద్ద జట్లకూ కెప్టెన్‌గా చేశాడు. మన పాతబస్తీ, సికింద్రాబాద్ గల్లీలు లేకపోతే కోల్‌కతా ఫుట్‌బాల్ బంగారు కాలం సగానికి సగం తరిగిపోతుంది. బెంగాలీ మిత్రులకు ఈ మాట నచ్చకపోవచ్చు.

హబీబ్ దగ్గర కాసేపు ఆగాలి. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన ఈ చిన్నపాటి మనిషిని కోల్‌కతా బడే మియా అని పిలుచుకుంది. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. అందులో ఒక గోల్ ఈయనదే. కానీ నాకు ముఖ్యమనిపించేది వేరే సంగతి. ఆ రోజుల్లో ఆటగాళ్లంతా బ్యాంకు, కస్టమ్స్, రైల్వే కొలువుల్లో చేరి ఆడుతుంటే హబీబ్ ఉద్యోగాన్ని పక్కనబెట్టి ఆటనే వృత్తి చేసుకున్నాడు. దేశంలో తొలి నిఖార్సైన ప్రొఫెషనల్ అంటారు ఆయన్ని. రహీమ్ కొలువు పద్ధతి నేర్పిన ఊరి నుంచే కాంట్రాక్టు కాలానికి తొలి మనిషి కూడా వెళ్లాడన్నమాట. 2023లో పంద్రాగస్టు నాడు హైదరాబాద్‌లో కన్నుమూశాడు.

అంతమంది పోయినా ఊళ్లో జట్టు నిలబడాలంటే వెనక కొత్త పిలకలు రావాలి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మన రాష్ట్రం పేరు మీద అదే ఆఖరిది. రహీమ్ పోయాక ఆయన పెట్టిన పిల్లల టోర్నమెంట్లు మెల్లగా ఆగిపోయాయి. అసోసియేషన్‌లో వర్గాలు పెరిగాయి. పోలీసు శాఖలో ఆటగాళ్ల కోటా చిన్నబోయింది. జట్లు పెట్టుకున్న ప్రభుత్వ రంగ సంస్థలు, ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి, కాకుంటే ఖర్చు దండగన్నాయి. ఫ్యాక్టరీ మూతబడితే జీతాలతో ఆగదని నిజామాబాద్ జిల్లాకు బాగా తెలుసు. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న బోధన్ నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతిలో పెట్టారు, 2015 చివర్లో లేఆఫ్ ప్రకటించారు. శక్కర్‌నగర్ కాలనీ చుట్టూ అల్లుకున్న బతుకు ఏమైందో అక్కడివాళ్లను అడిగితే చెప్తారు. ఆట ఆ బతుకులో ఒక ముక్క. అది విడిగా బతకదు.

ఎనభైలు, తొంభైల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్రికెట్ వచ్చి కూర్చుంది, అంతే. 2002 నేషనల్ గేమ్స్‌కూ, 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌కూ గచ్చిబౌలిలో స్టేడియం కట్టారు. స్టేడియం వచ్చింది, జట్టు రాలేదు.

జట్టు వచ్చింది 2019లో, అదీ పుణె నుంచి. ఎఫ్‌సీ పుణె సిటీ చేతులెత్తేస్తే ఆ చోటును విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తీసుకుని హైదరాబాద్ ఎఫ్‌సీ అన్నారు. ప్రకటన ఆగస్టు చివర్లో, లీగ్ అక్టోబర్‌లో. రెండు నెలల్లో జట్టేం కడతారు? పుణె మిగిల్చినవాళ్లు కొందరు, దొరికిన విదేశీయులు కొందరు. 18 మ్యాచ్‌లలో రెండు గెలిచి 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను మధ్యలోనే సాగనంపారు. తర్వాతి సీజన్‌కు పిలుచుకున్న ఆల్బర్ట్ రోకా, ఆట మొదలుకాక ముందే బార్సిలోనా నుంచి పిలుపొచ్చి వెళ్లిపోయాడు. 2020 ఆగస్టు చివర మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చేనాటికి కరోనా, గోవా బయో బుడగలో సీజన్, చేతిలో సగం కొత్త జట్టు.

ఆయన చేసింది చూస్తే రహీమ్ గుర్తుకొస్తాడు. విదేశీయులను దాదాపు పూర్తిగా మార్చారు. భారతీయుల్లో మాత్రం పిల్లల మీద పందెం వేశారు. ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల ఆకాశ్ మిశ్రాను ఎడమ వైపు, ఆశిష్ రాయ్‌ను కుడి వైపు నిలబెట్టి, తప్పులు చేసినా తీసేయకుండా ఆడించాడు. వింగ్‌లో లిస్టన్ కొలాసో, మధ్యలో మహమ్మద్ యాసిర్. ఆ సీజన్‌లో 20 మ్యాచ్‌లలో ఓడింది మూడే. పదకొండు డ్రా అయ్యాయి. ఆఖరి మ్యాచ్ గోవా మీద గెలిస్తే ప్లేఆఫ్స్, గోల్ లేకుండా డ్రా అయి అయిదో స్థానంలో ఆగిపోయింది.

మరి 2021 వేసవిలో ఏం చేశారు? ఇక్కడే చాలా క్లబ్బులు బోల్తాపడతాయి. అయిదో స్థానం వచ్చిందంటే పై నలుగురిలోకి పోవాలన్న తొందరలో అంతా పెరికేస్తారు. వీళ్లు లిస్టన్‌ను ఒక్కడిని మంచి ధరకు మోహన్ బగాన్‌కు వదిలారు. మిగతా పిల్లల మొదళ్లు కదపలేదు. కెప్టెన్ జొవావ్ విక్టర్ ఉన్నాడు. కావాల్సింది గోల్ కొట్టేవాడు: నైజీరియాకు చెందిన, లీగ్‌లో అప్పటికే మూడు జట్లకు గోల్స్ కొట్టి ఉన్న ఓగ్‌బెచే. వెనక హువానన్, ముందు సివేరియో. ఓగ్‌బెచే 18 గోల్స్ కొట్టాడు. జట్టు పట్టికలో రెండోది.

2022 మార్చి 20, ఫతోర్డా, ఫైనల్. గ్యాలరీ అంతా కేరళ బ్లాస్టర్స్ పసుపు రంగే. రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు బెంచీ మీద నుంచి వచ్చిన సాహిల్ టవోరా దూరం నుంచి గాలిలోనే కొట్టిన బంతి వలలో పడింది. పెనాల్టీలు. గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. మొదటిది ఆపాడు. నిషు కుమార్ కొట్టిందీ ఆపితే, లైన్ దాటి ముందుకొచ్చావంటూ రిఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ ఆపాడు. ఇంకొకటీ ఆపాడు. హాలిచరణ్ నర్జరీ ఆఖరిది వేసేసరికి 3-1. రహీమ్ పోలీసుల తర్వాత అంత పెద్ద కప్పు హైదరాబాద్ పేరు మీద రావడం అదే మొదలు.

ఆ పదకొండు మందిలో గోవా వాడున్నాడు, మణిపూర్ వాళ్లున్నారు, సిక్కిం, యూపీ, బెంగాల్, మహారాష్ట్ర వాళ్లున్నారు. తెలుగు నేల మీద పుట్టినవాడు ఒక్కడూ లేడు. మార్కెజ్‌ను తప్పుపట్టను. పిల్లలు ఎక్కడ తయారవుతుంటే అక్కడి నుంచే తెస్తాడు ఎవడైనా. గచ్చిబౌలిలో జెండాలు ఊపినవాళ్లలో మనవాళ్లున్నారు, మైదానంలో లేరు. పునాది పరాయి నేలలో ఉన్న ఇల్లు అది.

ఇల్లు కదలడానికి ఎంతో కాలం పట్టలేదు. 2022-23లో 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. అప్పటికే ఆశిష్ రాయ్ వెళ్లిపోయాడు, 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి, మార్కెజ్ గోవాకు. జీతాలు నిలిచిపోయాయి, ఫిఫా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పెట్టింది. 2024 జనవరి నాటికి చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి లాంటివాళ్లు కూడా వెళ్లిపోయారు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్తో కుర్రాళ్లను వేసుకుని సీజన్ ఈడ్చుకొచ్చాడు. మార్చిలో చెన్నైయిన్ మీద చెన్నైలో గెలిచిన రోజు ఆ పిల్లల సంబరం చూసినవాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత బీసీ జిందాల్ గ్రూప్ కొనుక్కుంది. లీగ్ మొదలవడానికి రోజుల ముందు దాకా సంతకాలు చేయించుకుంటూనే ఉంది. కింది నుంచి రెండో స్థానం. ఆ తర్వాత ఢిల్లీ.

అజీజ్‌నగర్‌లోని శ్రీనిధి డెక్కన్ గురించి కూడా ఒక మాట. 2021-22లో ఐ లీగ్‌లోకి వచ్చి, 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. సొంత మైదానం ఉంది, అకాడమీ ఉంది, గొడవలు తక్కువ. పత్రికలకు గొడవలు లేని క్లబ్బు గురించి రాయడం ఎందుకో చేతకాదు.

ఇక సౌమ్య. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా పిల్ల, 2001లో పుట్టింది. మొదట పరుగు పందాల పిల్ల. ఆ వేగం చూసి స్థానిక కోచ్ ఒకరు బంతి వైపు మళ్లించారు. సైకిల్ అద్దె ఇచ్చిన చెయ్యి ఈసారి నిజామాబాద్‌లోనే దొరికింది. 2021లో దేశం సీనియర్ జట్టుకు ఆడింది, తెలంగాణ నుంచి ఆ జట్టులోకి వెళ్లిన తొలి మహిళ. గోకులం కేరళకు ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంత దూరం పోయిన పిల్లకు సొంత రాష్ట్రంలో పెద్ద లీగ్ ఆడే మహిళల జట్టు మాత్రం లేదు.

2024లో ఈస్ట్ బెంగాల్ చేసిన మొదటి పని ఆటగాళ్లను కొనడం కాదు, కోచ్‌ను తేవడం. గోకులం కేరళకు వరుస టైటిళ్లు తెచ్చిన ఆంథొనీ ఆండ్రూస్‌ను పిలిచింది. ఎవరు కావాలో ఆయనే చెప్పాడు. తాను ఆడించినవాళ్లు, తాను ఎదుర్కొన్నవాళ్లు: వెనక ఆశాలతా దేవి, గోల్‌లో పాంథోయ్ చాను, ముందు సంధ్య రంగనాథన్, అంచున సౌమ్య. ఘనా నుంచి ఎల్షద్దాయ్ అచియాంపాంగ్. బయటి నుంచి చూస్తే కొత్త జట్టు, లోపల చాలామందికి ఒకరి ఆట ఒకరికి పాతదే. అంటే డబ్బు పెట్టి కొన్నది ఆటగాళ్లను కాదు, వాళ్ల మధ్య అప్పటికే ఏళ్లుగా పెరిగిన అలవాటును. కప్పు గెలిచిన కొద్ది రోజులకు, 2025 మేలో, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి మేటి మహిళా క్రీడాకారిణిగా సౌమ్యను ప్రకటించింది.

రహీమ్, మార్కెజ్, ఆండ్రూస్: ముగ్గురి కాలాలు వేరు, డబ్బు లెక్కలు వేరు. ఒక్కటి మాత్రం ముగ్గురిలోనూ కనబడుతుంది. ఎంచుకోవడంలో వాళ్ల మాటే చెల్లింది, ఆడించిందీ వాళ్లే, ఎంచుకున్నవాళ్లకు కనీసం ఒక సీజన్ పాటు రేపటి బెంగ లేదు. 2019లో, 2023 తర్వాతా హైదరాబాద్‌లో జట్టు ఒకరు కట్టారు, ఇంకొకరు ఆడించారు, జీతం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఛాంపియన్ అయ్యాక ఈస్ట్ బెంగాల్ ఊరుకుందా? ఆ లీగ్‌లో 24 గోల్స్‌తో అందరికన్నా పైన నిలిచిన ఉగాండా ఫార్వర్డ్ ఫాజిలా ఇక్వాపుట్‌ను గోకులం నుంచి తెచ్చుకుంది. గెలిచిన మొదళ్లు ఉంచి, గోల్ దగ్గర ఇంకా పదును పెట్టింది. 2025 డిసెంబర్‌లో ఖాట్మండులో దక్షిణాసియా మహిళల క్లబ్ ఛాంపియన్‌షిప్ కూడా గెలుచుకుంది.

ఇదంతా నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి నుంచి చూస్తే ఎలా ఉంటుంది? నేషనల్ హైవే పక్కన ఈ ఊళ్లో గుట్ట మీద రామాలయం ఉంది, 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీ ఉంది, రాష్ట్ర స్పెషల్ పోలీస్ ఏడో బెటాలియన్ ఉంది. రహీమ్ కాలంలో జట్టు కట్టడానికి కావాల్సిన రెండు దినుసులు, చదువుకునే కుర్రాళ్లు, పోలీసు కొలువు, ఒకే రోడ్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య దారే లేదు. ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగాలు ఇప్పుడూ ఇస్తున్నారు. 2024లో మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ప్రపంచ ఛాంపియన్. కానీ రహీమ్ కొలువు ఇప్పించింది ఛాంపియన్లకు కాదు, ఛాంపియన్లు కాబోయేవాళ్లకు. పద్దెనిమిదేళ్లవాడికి కానిస్టేబుల్ నౌకరీ అవసరం, ఇరవై ఎనిమిదేళ్లకు పతకంతో వచ్చినవాళ్లకు అంత కాదు.

ఏటా కచ్చితంగా జట్టును మళ్లీ కట్టుకోవాల్సి వచ్చేది యూనివర్సిటీలకే. చదువైపోయినవాడు పోవాల్సిందే, కాంట్రాక్టు పొడిగింపు ఉండదు. కాలేజీలకు కాగితం పోతుంది, పీడీ సార్లు తలా ఇద్దరు ముగ్గురిని పంపుతారు. స్టడ్స్ ఉన్న బూట్లతో వచ్చినవాళ్లు కొందరు, మామూలు కేన్వాసు బూట్లతో జారుతూ ఆడేవాళ్లు కొందరు. ఒకడు సెంటర్ ఫార్వర్డ్‌నంటాడు, ఊళ్లో జట్టుకు గోల్‌కీపర్ లేక రెండేళ్లుగా వాడే గోల్‌లో నిలబడి ఉంటాడు. కొన్ని గంటల ఆట చూసి, ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు పదహారు పద్దెనిమిది మందిని తేల్చాలి. కొద్దిరోజుల క్యాంపు, ఆపైన రైలు. ఓడి వస్తే మళ్లీ ఏడాది దాకా ఆ పిల్లలు ఒకచోట చేరరు. ఇంత తక్కువ వనరులతో ఇన్నిసార్లు జట్టు కట్టేవాళ్లు దేశంలో ఇంకెవరూ ఉండరు. వాళ్ల దగ్గర పేర్ల జాబితాలు ఉంటాయి, ఎవడు ఏ కాలితో కొడతాడో తెలుసు.

హైదరాబాద్‌లో మిగిలిన క్లబ్బులకు గానీ, రేపు వచ్చే కొత్త క్లబ్బుకు గానీ నేను చెప్పేది ఇంతే: స్పెయిన్ నుంచి వీడియోలు తెప్పించుకోండి, కాదనను. ట్రయల్స్ జరిగే రోజుల్లో ఒక మనిషిని డిచ్‌పల్లికి కూడా పంపండి. సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం కల్లా ఇక్కడ దిగొచ్చు.